రెండక్షరాల పేరు, మూడు వత్తులు: సీరియల్ కవర్ కోసం ఇంక్‌స్కేప్ వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను డిజైనర్ని కాదు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం, పగలు ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను, రాత్రి పిల్లలు పడుకున్నాక ప్రతిలిపి అనే కథల ఆప్‌లో సీరియల్ రాస్తాను. సీరియల్ పేరు 'జ్యోత్స్న గారి పై వాటా'. పై వాటాలోకి ఒక కుటుంబం అద్దెకి దిగుతుంది, కింద వాటాలో ఓనరు జ్యోత్స్న గారు ఒక్కరే ఉంటారు, ఆవిడ సొంత మేడ మెట్లు ఒక్కసారి కూడా ఎక్కరు, ఎందుకెక్కరు అన్నదే కథ. అందరూ దెయ్యం అనుకుంటున్నారు, దెయ్యం కాదు, అంతకు మించి ఇప్పుడు చెప్పను.

ఈ రివ్యూ ఆ సీరియల్‌కి కవర్ చేసుకోడానికి నేను పడ్డ పాట్ల గురించి, చివరికి నాకు దారి చూపించిన ఇంక్‌స్కేప్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ గురించి. ఫోన్లో 5 నిమిషాల్లో కవర్ అయిపోవాలి అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, ఇది మీకు పనికిరాదు, నిజంగా చెప్తున్నా.

మొదటి కవర్ నేను కూడా అలా ఫోన్లోనే చేశా. ఒక ఆప్‌లో రెడీమేడ్ టెంప్లేట్ ఉంది, నిండు చందమామ, ఇటు వెనక్కి తిరిగి నిలబడ్డ అమ్మాయి, జుట్టు ఎగురుతూ. జ్యోత్స్న అంటే వెన్నెలే కదా, భలే కుదిరింది అనుకుని కింద సన్నటి తెల్లటి అక్షరాలతో పేరు పెట్టేశా. ఫోన్ నిండా పెట్టుకుని చూస్తే ఎంత బాగుందో. పబ్లిష్ చేశాక లిస్టులో చూస్తే ఏముంది, నల్లటి చతురస్రం, మధ్యలో తెల్ల చుక్క, కింద చీమలు పాకినట్టు ఏదో గీత. పైగా అదే వరసలో ఇంకో రెండు సీరియల్స్‌కి అదే చందమామ, అదే అమ్మాయి, అదే జుట్టు. మా తమ్ముడికి చూపిస్తే "ఈ పిల్ల మూడు సీరియల్స్‌లో చేస్తోందా అక్కా, బిజీ ఆర్టిస్టే" అన్నాడు.

అక్కడ నాకు ఒకటి అర్థమైంది. మన కవర్‌ని జనం చూసేది పుస్తకం సైజులో కాదు, బొటనవేలి గోరు కంటే కాస్త పెద్ద సైజులో. అంత చిన్న జాగాలో అమ్మాయి కళ్లలో విషాదం, దూరంగా కొండలు, వాన చినుకులు, ఇవేవీ కనపడవు. కనపడేది ఒక రంగు, ఒక ఆకారం, సీరియల్ పేరు. తెలుగులో ఆ మూడోదే అసలు తలనొప్పి, ఎందుకంటే మన అక్షరాలకి పైన గుడులు, పక్కన కొమ్ములు, కింద వత్తులు, అన్నీ ఉంటాయి, ఇంగ్లీషు అక్షరాల్లా ఒకే గీత మీద బుద్ధిగా కూర్చోవు. నేనేమో తెలివిగా రెండక్షరాల్లో మూడు వత్తులున్న పేరు పెట్టుకున్నా. జకి య వత్తు, తకి స వత్తు, దాని కింద మళ్లీ న వత్తు.

తర్వాత డబ్బులు పెడదాం అనుకున్నా. ఇన్‌స్టాలో కవర్లు చేసే ఒక ఫ్రీలాన్సర్ దొరికాడు, పేరు వద్దు, చిన్న కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు. 1500 రూపాయలు, రెండు సార్లు మార్పులు ఫ్రీ. నాలుగు రోజుల తర్వాత పంపాడు. బొమ్మ బాగానే ఉంది, పాత మేడ, మెట్లు, ఒక కిటికీలో లైటు. పేరు చూస్తే 'త' పక్కన పొల్లు, ఆ పక్కన 'స' పక్కన ఇంకో పొల్లు, ఆ తర్వాత 'న', వత్తులన్నీ బయటికొచ్చి క్యూలో నిలబడ్డాయి. బాబూ ఇది ఇలా కాదు అంటే "మేడం, మీరు పంపిన టెక్స్టే కాపీ పేస్ట్ చేశాను, మా దగ్గర అలాగే వస్తుంది" అన్నాడు. రెండోసారి ఇంకో ఫాంట్ మార్చి పంపాడు, అప్పుడూ అంతే. మూడోసారికి ఎక్స్‌ట్రా 300 అన్నాడు. అతన్ని తిట్టుకుని లాభం లేదు, అతనికి తెలుగు చదవడం రాదు, హిందీ కవర్లు చేస్తాడట, తప్పు ఎక్కడుందో అతని కంటికి కనపడదు కదా. తెలుగు చదవగలరా అని ముందే అడగాల్సింది నేను. ఇప్పుడు ఎవరైనా అడిగితే అదే చెప్తున్నా, డిజైనర్‌కి ఇచ్చే ముందు మీ పేరులో ఉన్న కష్టమైన అక్షరం ఒక్కటి టైప్ చేసి స్క్రీన్‌షాట్ పంపమనండి, అది సరిగ్గా వస్తేనే అడ్వాన్స్ కొట్టండి. ఇంకో మాట, ఫోటోషాప్ వాడేవాళ్లయితే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఒకటుంటుంది, అది ఆన్ చేయకపోతే వత్తులు విడిపోతాయి. ఈ సంగతి నాకు అప్పుడు తెలిసుంటే ఆ అబ్బాయికి చెప్పేదాన్ని, ఇద్దరం బతికిపోయేవాళ్లం.

ఏఐ కూడా ట్రై చేశానండీ, అందరూ చేస్తున్నారు కదా అని. ఏ ఆప్ అనేది అనవసరం. పాత విజయవాడ ఇల్లు, మేడ మెట్ల కింద కాటన్ చీరలో పెద్దావిడ అని ఇంగ్లీషులో రాసి పెడితే బొమ్మ నిమిషంలో వచ్చింది, రంగులు అవీ బ్రహ్మాండం. మా అత్తగారు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఫోన్లోకి తొంగి చూసి "ఈవిడ పైట కుడి భుజం మీదకి వేసుకుందేంటమ్మాయ్, మార్వాడీలా?" అన్నారు. నేను అప్పటిదాకా గమనించనే లేదు. ఇంటి ముందు ముగ్గు ఉంది కానీ గోడ మీద ఉంది. ఇక పేరు కూడా నువ్వే రాయి అంటే అది రాసిన తెలుగు చూడాలి, ప్రతీ అక్షరం తెలుగులాగే ఉంటుంది, ఒక్కటీ తెలుగు కాదు, జిలేబీ చుట్టలు. ఒకటి రెండు సార్లు చిన్న పేర్లు కరెక్ట్‌గానే రాసింది, 'త్స్న' దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేసింది.

చివరికి మా ఇంటి దగ్గర ఫ్లెక్స్ షాపుకి కూడా వెళ్లా. నవ్వకండి. ఆ షాపాయనకి తెలుగు టైపింగ్‌లో తిరుగులేదు, అను ఫాంట్స్‌లో కళ్లు మూసుకుని కొడతాడు, 'జ్యోత్స్న' అని ఒక్క సెకన్లో వచ్చేసింది, వత్తులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ నాకు. అను ఫాంట్స్ యూనికోడ్ కాదు, అంటే మనం ఫోన్లో టైప్ చేసింది అక్కడ పేస్ట్ చేస్తే గందరగోళం వస్తుంది, వాళ్ల కీబోర్డు లెక్క వేరే, అందుకే ఆయన నా మెసేజ్ పక్కన పెట్టి మళ్లీ చేత్తో కొట్టుకున్నాడు. అంతవరకూ బంగారం. ఆ తర్వాత ఆయన చెయ్యి ఆగలేదు. అక్షరాలకి ఎరుపు పసుపు గ్రేడియంట్, చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ నీలం అంచు, వెనకాల మెరుపులు. "అమ్మా, దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనపడాలి కదా" అన్నాడు. ఆయన చెప్పిన సూత్రం అక్షరాలా నిజం, కానీ జ్యోత్స్న గారు వార్డు ఎలక్షన్లో నిలబడుతున్నట్టుంది. చేతులు జోడించి నమస్కారం పెట్టిన ఫోటో ఒక్కటే తక్కువ. 100 రూపాయలిచ్చి దండం పెట్టి వచ్చేశా.

ఇన్ని తిప్పలయ్యాక మా తమ్ముడు తన పాత లాప్‌టాప్ ఇచ్చి, ఐ3, 4 జీబీ ర్యామ్, మూత సరిగ్గా పడదు, అందులో ఇంక్‌స్కేప్ వేసి ఇచ్చాడు. ఇది 2003 నుంచి ఉందట, నేను ఇన్నేళ్లు పేరు కూడా వినలేదు. పూర్తిగా ఫ్రీ, ట్రయల్ లేదు, వాటర్‌మార్క్ లేదు, బొమ్మ మీద కిరీటం గుర్తు పెట్టి ప్రీమియం కొనుక్కో అని అడగడం లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లో నడుస్తుంది. ఇది వెక్టర్ సాఫ్ట్‌వేర్, అంటే బొమ్మని చుక్కలుగా కాకుండా గీతలుగా గుర్తుపెట్టుకుంటుంది, ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

తెరవగానే చేసిన మొదటి పని టెక్స్ట్ టూల్ తీసి ఫోన్ నుంచి పంపుకున్న పేరు పేస్ట్ చేయడం. వచ్చేసింది. జకి య వత్తు, త కింద స, పక్కనే న, చక్కగా, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా. తమ్ముడు చెప్పినదేంటంటే ఇది లోపల హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌తో అక్షరాలు పేరుస్తుందట, ఏ అక్షరం కింద ఏ వత్తు ఏ రూపంలో రావాలో ఫాంట్‌లో రాసి ఉంటే అది చదివి అలాగే పెట్టడం దాని పని. ఇక్కడ ఒక హెచ్చరిక, ఫోన్ కీబోర్డ్ నుంచి కాపీ చేసినప్పుడు ఒక్కోసారి కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి మధ్యలో వచ్చేస్తుంది, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే, అది పొరపాటున మీ పేరులో దూరితే ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా పొల్లే వస్తుంది, అప్పుడు తిట్టాల్సింది సాఫ్ట్‌వేర్‌ని కాదు, ఆ మాట చెరిపేసి మళ్లీ కొట్టుకోండి.

ఫాంట్ల గురించి కాస్త ఎక్కువే చెప్తా, ఎందుకంటే సగం కవర్ ఇదే. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు అని ఫిల్టర్ పెట్టి చూడండి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, రామరాజ, తెనాలి రామకృష్ణ, వీళ్లందరికీ పైన శ్రీకృష్ణదేవరాయ. అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ ఫాంట్ మెనూలో కొలువు తీరి ఉన్నారు! నేను నాలుగైదు నిమిషాలు ఊరికే ఆ పేర్లు చూసి మురిసిపోతూ కూర్చున్నా. ఇవి సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్లు ఉచితంగా విడుదల చేయించిన ఫాంట్లు. లైసెన్స్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్, అంటే రేపు మీ సీరియల్‌ని పుస్తకంగా వేసి అమ్ముకున్నా ఎవరూ అడగరు. ఇంటర్నెట్లో ఎక్కడపడితే అక్కడ దొరికే స్టైల్ ఫాంట్లకి ఆ గ్యారంటీ లేదు, జాగ్రత్త.

వీటిలో కవర్ పేరుకి నాకు బాగా నచ్చింది రామభద్ర. బాగా లావు, హెడ్డింగుల కోసమే పుట్టింది, చిన్న సైజులో కూడా అక్షరం అక్షరంలా ఉంటుంది. కామెడీ కథ అయితే బాలూ తమ్ముడు అని ఇంకొకటుంది, బొద్దుగా గుండ్రంగా, చూడగానే నవ్వొస్తుంది, నా కథకి పనికిరాదు కానీ మీలో ఎవరైనా అత్తాకోడళ్ల హాస్యం రాస్తుంటే కళ్లు మూసుకుని తీసుకోండి. అనేక్ తెలుగు ఇంకా పనిమంతుడు, సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఎలా కావాలంటే అలా సాగుతుంది, పొడుగు పేర్లున్న వాళ్లకి ఇరుకు రకం వరం. కింద రచయిత్రి పేరుకి నేను అదే వాడా. ఫాంట్ ఎంచుకునేటప్పుడు 'అమ్మ', 'కల' అని కొట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, మీ సీరియల్ పేరే కొట్టి చూడండి. నా పేరుకి కొన్నిట్లో స వత్తు మీదకి న వత్తు ఎక్కేసింది, కొన్నిట్లో రెండో వత్తు మరీ చిన్నదైపోయి ఎలకపిల్లలా ఉంది.

లైన్ల మధ్య దూరం ఇంకో గొడవ. పేరు రెండు లైన్లలో వస్తే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. దూరం పెంచితే రెండు లైన్లూ రెండు వేరే పేర్లలా విడిపోతాయి. దీనికి మందు ఏంటంటే వత్తు కిందికి దిగే చోట కింది లైన్లో ఖాళీ వచ్చేట్టు మాటలు జరుపుకోవడం, పజిల్ లాగా. 'జ్యోత్స్న' పైన, 'గారి' చిన్నగా ఎడమ పక్క, 'పై వాటా' కింద, ఇలా పేరిస్తే న వత్తు దిగడానికి సరిగ్గా 'గారి' పక్కన సందు దొరికింది.

ఇప్పుడు అసలు మజా. ఇంక్‌స్కేప్‌లో టెక్స్ట్‌ని ఆబ్జెక్ట్ టు పాత్ అని కొడితే అది ఇక అక్షరం కాదు, బొమ్మ. ప్రతీ వంపు మీద చిన్న చిన్న చుక్కలొస్తాయి, నోడ్స్ అంటారు, వాటిని పట్టుకుని ఎటు లాగితే అటు సాగుతుంది. నేను న వత్తు తోక పట్టుకుని కిందికి లాగా. ఇంకా లాగా. అది కవర్ అడుగుదాకా వంపు తిరుగుతూ దిగింది, ఆ వంపు చూస్తే అచ్చం మా మేడ మెట్ల రెయిలింగ్! అప్పుడు రాత్రి పన్నెండున్నర, ఇంట్లో అందరూ పడుకున్నారు, నేనొక్కదాన్నే లాప్‌టాప్ ముందు కూర్చుని నవ్వుకుంటున్నా. దాని పక్కన చిన్న చిన్న పలకలు మెట్లలా పేర్చా. పైన జ్యోత్స్న గారి పేరు, ఆ పేరులోంచే దిగుతున్న మెట్లు, కింద పై వాటా. ఆవిడ ఎక్కని మెట్లు ఆవిడ పేరులోంచే వేలాడుతున్నాయి. కథ మొత్తం ఆ ఒక్క వత్తులో ఉంది అనిపించింది, కాస్త ఎక్కువ చెప్తున్నానేమో గానీ నాకు అలాగే అనిపించింది.

బాపు గారు వేసిన పాత నవలల కవర్లు మా నాన్న బీరువాలో బోలెడుండేవి, చిన్నప్పుడు చూస్తే బొమ్మ ఎక్కడ ఆగిందో అక్షరం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు, పేరు కూడా బొమ్మలో ఒక మనిషిలాగే నిలబడేది. ఆయన అది చేత్తో, ఒక్క గీతలో చేసేవారు. నాకు ఆ చెయ్యి లేదు, ఒక వత్తుని లాగడానికి 40 నిమిషాలు పట్టింది, కానీ టెంప్లేట్ మీద టైప్ చేసి అతికించిన పేరుకీ దీనికీ ఎంత తేడా ఉంటుందో మాత్రం తెలిసింది.

మధ్యలో ఏడిపించింది కూడా. వత్తుని అక్షరం నుంచి విడదీయడానికి బ్రేక్ అపార్ట్ అని ఒకటుంది, అది కొట్టగానే అక్షరాల బొజ్జల్లో ఉండే ఖాళీలన్నీ నిండిపోతాయి, 'వాటా' కాస్తా రెండు నల్ల ముద్దలైపోతుంది. నేను కంగారుపడి లాప్‌టాప్ మూసేశా, మూత పడదని మర్చిపోయి. తర్వాత తెలిసింది, పోయిందేమీ లేదు, బయటి గీత లోపలి గీత రెండూ సెలెక్ట్ చేసి కంబైన్ (కంట్రోల్ కె) కొడితే మళ్లీ ఖాళీ వచ్చేస్తుంది. మరీ ముఖ్యంగా, పాత్‌గా మార్చే ముందు టెక్స్ట్‌కి ఒక డూప్లికేట్ తీసి పక్కన పడేసుకోండి. మార్చాక అది బొమ్మ కాబట్టి స్పెల్లింగ్ దిద్దడం కుదరదు. ఎందుకు చెప్తున్నానంటే నా మొదటి ఎక్స్‌పోర్ట్‌లో 'జోత్స్న' అని వెళ్లిపోయింది. స, న వత్తుల మీద పెట్టిన ధ్యాసలో య వత్తు ఎక్కడో డిలీట్ అయింది, నేను చూసుకోలేదు, అప్‌లోడ్ చేసేశా. గంటలో ఒక పాఠకుడు "మేడం, కవర్ సూపర్, జ్యోత్స్నకి య వత్తు కూడా మీరే మింగేశారా" అని పెట్టారు. డూప్లికేట్ లేదు. మళ్లీ మొదటి నుంచి.

బొమ్మ సంగతి. ఫ్రీ ఫోటో సైట్లున్నాయి, అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ లాంటివి, మంచివే, కానీ మన మేడ మెట్లు వాటిలో నాకు దొరకలేదు. దొరికిందల్లా ఏ దేశంలోనో చెక్క మెట్లు, తివాచీతో. పింటరెస్ట్‌లోంచి తీసుకోవడం మాత్రం వద్దండీ, అక్కడ ఉన్న ఫోటో ఎవరిదో వాళ్లదే, సేవ్ బటన్ ఉంది కదా అని మనదైపోదు. సినిమా హీరోయిన్ ఫోటోలు పెట్టేవాళ్ల గురించి నేనేం మాట్లాడను. నేను చేసిందేంటంటే సాయంత్రం ఐదున్నరకి మా ఇంటి వెనక మెట్లనే ఫోన్లో ఫోటో తీశా, ఎండ పక్క నుంచి పడుతుంటే మెట్టు మెట్టుకీ నీడ గట్టిగా వస్తుంది. దాన్ని ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ అని ఇచ్చా. ఇది ఫోటోలో వెలుగు ఎక్కడుంది, చీకటి ఎక్కడుంది చూసి, చీకటి భాగాన్ని ఒక గీతబొమ్మగా మార్చి ఇస్తుంది. వెలుగుకీ చీకటికీ మధ్య హద్దు ఎక్కడ పెట్టాలో జరుపుకోడానికి ఒక స్లైడర్ ఉంటుంది, అటూ ఇటూ జరుపుతూ పోతే ఆరేసిన బట్టలు, తులసి కోట పక్కన చీపురు, ఇవన్నీ మాయమైపోయి మెట్లూ నీడా మాత్రం మిగిలాయి. మామూలు ఇంటి ఫోటో పోస్టర్ అయిపోయింది. కవర్లో నేను పేర్చిన పలకల మెట్లు తీసేసి ఇవి పెట్టా. 8 మెగాపిక్సెల్ ఫోన్ ఫోటో చాలు దీనికి, ఎలాగూ వివరాలు పోతాయి కదా.

రంగు దగ్గర ఫ్లెక్స్ షాపాయన మాట గుర్తొచ్చింది. సస్పెన్స్ సీరియల్స్ లిస్టు తెరిస్తే అన్నీ నలుపు, ఎరుపు, మళ్లీ నలుపు. అందులో ఇంకో నలుపు ఎవరికి కనపడుతుంది? నేను గడపకి రాసే పసుపు రంగు నిండా వేశా, అక్షరాలూ మెట్లూ ముదురు కాఫీ రంగు, ఎక్కడో ఒక్క మెట్టు మీద కుంకుమ చుక్కంత ఎరుపు. మూడే రంగులు. ఇది సస్పెన్స్ కథలా లేదు అని మా ఆయన అన్నాడు, పచ్చటి గడప ఇంట్లో ఏదో తేడాగా ఉంటేనే కదండీ భయం.

సైజు 1600 అడ్డం, 2560 నిలువు పిక్సెల్స్ పెట్టుకున్నా. అది కిండిల్ వాళ్లు ఈబుక్ కవర్‌కి చెప్పే సైజు. వాట్‌ప్యాడ్ అనే ఇంకో కథల ఆప్‌కి 512 అడ్డం 800 నిలువు అంటారు, ఇంచుమించు అదే ఆకారం, కాబట్టి పెద్దది ఒకసారి చేసుకుంటే చిన్నవి దాన్నుంచే తీసుకోవచ్చు. ఏ ఆప్ ఎటు పక్క కత్తిరిస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి పేరుని అంచులకి బాగా లోపలికి పెట్టుకోవడం మేలు.

చూసుకునే పద్ధతి ఒకటి చెప్తా, ఇది నా సొంతం. కవర్‌ని ఫోన్ గ్యాలరీలోకి పంపుకుని, గ్యాలరీని రెండు వేళ్లతో నొక్కి వీలైనంత చిన్న గళ్లు వచ్చేదాకా తగ్గించండి. ఆవకాయ జాడీ ఫోటోలు, పిల్లల హోంవర్కు, గుడ్‌మార్నింగ్ పువ్వులు, వీటన్నిటి మధ్యలో మీ కవర్ ఎక్కడుందో వెతక్కుండా దొరికితే పాస్. నాది రెండోసారికి పాసయింది. మొదటిసారి మెట్లు మరీ ఎక్కువై దువ్వెనలా కనపడింది, సగం తీసేశా.

ఇక ఇంక్‌స్కేప్‌లో నచ్చనివి. ఫోన్లో లేదు, ఇది పెద్ద లోటు, మనలో చాలామందికి కంప్యూటర్ ఫోనే కదా. తెరవగానే ఖాళీ తెల్ల కాగితం, టెంప్లేట్లు వేలకి వేలు చూపించి ఇదిగో ఇది ఎంచుకో అనదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదటి రెండు రోజులు నేను చతురస్రాలు గీసుకుంటూ కూర్చున్నా. బటన్లు మరీ ఎక్కువ, నేను వాడింది వాటిలో పది శాతం కూడా ఉండదు. నేర్చుకోడానికి తెలుగులో వీడియోలు వెతికితే నాకు పనికొచ్చేవి పెద్దగా దొరకలేదు, ఇంగ్లీషు వీడియోలే దిక్కు. ఫోటోలో మొహం తెల్లగా చేయడం, వెనకాల మబ్బులు మార్చడం ఇలాంటివి కావాలంటే దీని పని కాదు, దానికి గింప్ అని ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. పుస్తకం అచ్చు వేయించాలంటే ప్రెస్ వాళ్లు సీఎంవైకే రంగుల్లో, అంటే అచ్చుకి వాడే నాలుగు సిరాల లెక్కలో ఫైల్ అడుగుతారు, ఇంక్‌స్కేప్ అల్లుకుంది స్క్రీన్ రంగుల చుట్టూ, అక్కడ వేరే దారి చూసుకోవాలి. నేను ఇంకా అచ్చు దాకా రాలేదు కాబట్టి నాకు ఆ బాధ లేదు.

మొత్తం ఎంతయింది అంటే ఇంక్‌స్కేప్‌కి సున్నా, ఫాంట్లకి సున్నా, ఫోటోకి సున్నా, టైము ఐదు రాత్రులు. అంతకు ముందు చేసిన ప్రయోగాలకి 1600. కవర్ మార్చాక రీడ్స్ పెరిగాయా అని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగారు. పెరిగాయి, కానీ అదే వారం కథలో జ్యోత్స్న గారి తాళంచెవి దొరికే భాగం వచ్చింది, కాబట్టి ఆ ఘనత కవర్‌దా తాళంచెవిదా నేను చెప్పలేను. ఒకటి మాత్రం నిజం, కొత్తగా వచ్చినవాళ్లు కామెంట్‌లో "పసుపు కవర్ చూసి ఓపెన్ చేశా" అని రాస్తున్నారు, ఇంతకుముందు చందమామ చూసి వచ్చా అని ఒక్కరూ రాయలేదు.

నా మార్కులు 5కి 4. ఫోన్లో లేనందుకు ఒకటి కట్. ఓపిక ఉండి, ఎక్కడైనా ఒక పాత లాప్‌టాప్ దొరికితే వేసుకోండి. ఓపిక లేకపోతే ఫోన్ ఆప్‌లోనే చేసుకోండి తప్పులేదు, కాకపోతే చందమామ అమ్మాయిని వదిలేయండి, లావు ఫాంట్ పెట్టండి, రంగులు మూడు దాటనివ్వకండి, చివర్లో గ్యాలరీ పరీక్ష పెట్టండి. డబ్బులిచ్చి చేయించుకునేవాళ్లు తెలుగు చదవగలిగిన మనిషిని పట్టుకోండి, ఆ ఫ్లెక్స్ షాపాయనకి కాస్త రంగులు తగ్గించమని నచ్చజెప్పగలిగితే నా లెక్కలో ఆయనే బెస్టు.

రెండో సీరియల్ వచ్చే నెల మొదలుపెడదామనుకుంటున్నా. పేరు 'మూడో గేటు'. నిన్న రాత్రి ఇంక్‌స్కేప్ తెరిచి రామభద్రలో కొట్టి చూశా. చక్కగా నిలబడ్డాయి నాలుగక్షరాలూ. అటు తిప్పా, ఇటు తిప్పా, పట్టుకుని లాగడానికి ఒక్క వత్తు కూడా లేదు. పేరు మార్చేద్దామా అని చూస్తున్నా.